రెండు అరచేతుల మైదాకు

సారవ్వ ఇంటి ముందున్న మైదాకు చెట్టు ఎంత ఎర్రగా పండుతుందో ఆ కాలనీలో తెలియని ఆడమనిషి లేదు. పుస్తకాల్లో గోరింట అని రాస్తారు గానీ గోదావరిఖనిలో దాన్ని అందరూ మైదాకు అనే పిలుస్తారు. బొగ్గు కంపెనీ క్వార్టర్ల వరుసలో సారవ్వ ఇంటికీ ఆబిదా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఉంది. ఆ గోడను ఆనుకుని, సగం ఇటూ సగం అటూ వాలి పెరిగింది చెట్టు. ఆషాఢం వచ్చిందంటే వరుస వరుసంతా గిన్నెలు పట్టుకుని దాని దగ్గరికే వస్తుంది. పెళ్లి కుదిరితే వస్తారు, కడుపుతో ఉన్న పిల్లకు ఒడి నింపితే వస్తారు. వచ్చినవాళ్లు కోసుకుని ఊరికే పోరు. నీళ్లు అడుగుతారు, అరుగు మీద కూర్చుంటారు, ఎవరి కొడుకు ఏ షిఫ్టులో పడ్డాడో, ఎవరి కోడలు ఎవరి మీద అలిగిందో అన్నీ మాట్లాడుకుని, పొద్దు వాలినాక లేస్తారు.

ఆ చెట్టు గల సారవ్వ చేతులకు మాత్రం మైదాకు లేదు. సదయ్య పోయిన నాటి నుంచీ లేదు.

సదయ్య బొగ్గుబాయిలో పని చేసేవాడు. ఒకనాడు డ్యూటీ దిగి వచ్చి, ఒళ్లు కడుక్కుని, మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పదో దినం నాడు చుట్టాల ఆడవాళ్లు సారవ్వ గాజులు తీయించారు, బొట్టు తీయించారు. అంతటితో ఆగితే బాగుండేది. ఊరి నుంచి వచ్చిన తోడికోడలు వాకిట్లోకి చూసి, "ముత్తైదువ లేని ఇంట్ల మైదాకు చెట్టు ఎందుకు? కొట్టేయుండ్రి" అంది. ఎవరో గొడ్డలి కూడా తెచ్చారు.

అప్పుడు గోడ అవతల నుంచి ఆబిదా లేచింది. పక్క క్వార్టర్‌లో ఉండే ఫిట్టర్ మహమూద్ భార్య. చుట్టరికం లేదు, కులం కాదు, మతం కాదు. అయినా ఆ నడుమెత్తు గోడ ఎక్కి దిగి, చెట్టుకు వీపు ఆనించి నిలబడింది.

"ఆగుండ్రి. దీని మీద చెయ్యి వేసేటోళ్లు ముందు నన్ను అడగాలె. ఈ చెట్టు నాది."

"నీదెట్లయితది? వాకిలి వీళ్లది కదా!"

"వాకిలి వీళ్లది, చెట్టు నాది. మంచిర్యాలల మా అమ్మగారింటి నుంచి తడిగుడ్డల చుట్టుకొని తెచ్చి నాటిన. నడుమ గోదావరి దాటేటప్పుడు బస్సుల ఎండిపోతదని ఒళ్లె పెట్టుకొని తెచ్చిన. ఇగ నరుకుతరా, నరుకుండ్రి."

మూలన కూర్చున్న సారవ్వకు ఆ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. అందులో ఒక్క ముక్క నిజం లేదు. ఆ కొమ్మను సదయ్య గోదావరి అవతల జైపూర్ పక్కనున్న తన ఊరి నుంచి సైకిలు వెనకాల కట్టుకుని తెచ్చాడు. నాటింది సారవ్వ. అప్పటికి ఆబిదా ఈ కాలనీకే రాలేదు. కానీ ఆబిదా అంత నిబ్బరంగా చెప్తుంటే గొడ్డలి తెచ్చినవాళ్లు గొడ్డలి పట్టుకుని వెనక్కి పోయారు.

మరుసటి ఆషాఢంలో ఆడవాళ్లు గేటు దాకా వచ్చి తటపటాయించారు. సారవ్వ లోపలికి పోయి తలుపు దగ్గరేసుకుంది. ఆబిదా గోడ మీదినుంచి చెయ్యి ఊపి, "రాండ్రి, రాండ్రి! నా చెట్టే, భయం లేదు" అని పిలిచింది. అట్లా వచ్చినవాళ్లు ఆనాటి నుంచి వస్తూనే ఉన్నారు. కొన్నేళ్లకు చెట్టు ఎవరిదన్న మాటే మరిచిపోయారు. శుభకార్యమంటే మొగుడు పోయిన ఆడమనిషి గడప వైపు ఎవరూ చూడరు. సారవ్వ గడపకు మాత్రం శుభకార్యాలే ముందుగా నడిచొచ్చేవి. ఇది ఆబిదా పెట్టిన భిక్ష అనీ, ఆ చెట్టు ఎరుపు నిలబెట్టిన మర్యాద అనీ సారవ్వ లోపల్లోపల అనుకునేది. పైకి అనడం ఆమెకు రాదు. ఆబిదాకు చెప్పబోతే, "అక్కా, నువ్వు ఊకో" అని నోరు మూయించేది.

అందుకే ఆబిదా కూతురు జూహీకి బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ముజమ్మిల్‌తో పెళ్లి ఖాయమైన నాడు సారవ్వ గోడ దగ్గరికి వచ్చి, ఎన్నడూ లేనంత గట్టిగా చెప్పింది.

"ఆబిదా, పిల్ల చేతులకు బజార్ల కోన్లు గీన్లు వద్దు. మన చెట్టు ఆకే పెట్టాలె. నూరేది నేనే."

"ఇంకెవరిది పెడతనక్కా? నిఖా మే నెలాఖరుకు పెట్టుకున్నం. ఎండలల్ల మన చెట్టు మస్తు పండుతది కదా."

ఆ మాట సారవ్వ మనసులో నాటుకుపోయింది. చెట్టును ఈ ఏడు ఇంకా బాగా చూసుకోవాలి అనుకుంది. చూడబోతే దాని వాలకం ఏమంత బాగా లేదు. ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే గిన్నెలు గలగలమంటాయి, కాసేపటికి సన్నటి నల్లదుమ్ము వచ్చి ఆకుల మీద పరుచుకుంటుంది. కొనలు ముడుచుకున్నాయి, ఆకు రంగు వెలిసిన చీరలా ఉంది. మనిషైతే దవాఖానకు తీసుకుపోదుము, చెట్టును ఎక్కడికి తీసుకుపోతాం అని ఆలోచిస్తుంటే ఆమె కన్ను గూట్లో ఉన్న బిస్కెట్ డబ్బా మీద పడింది.

ఆ డబ్బా నిండా బలం గోళీలు. సారవ్వకు అరికాళ్లలో తిమ్మిర్లు. కంపెనీ దవాఖానకు పోయినప్పుడల్లా డాక్టరమ్మ బీకాంప్లెక్స్ గోళీలు రాస్తుంది. సారవ్వ తెస్తుంది, డబ్బాలో పోస్తుంది. మింగదు. ఆ వాసన ఆమెకు పడదు. కాలనీలో ఏ ఇంట్లో చూసినా అలాంటి డబ్బా ఒకటి ఉంటుంది.

శివరాత్రి దాటింది మొదలు ఆమె పొద్దున్నే గుప్పెడు గోళీలు రోట్లో నూరి, బకెట్ నీళ్లలో కలిపి, మైదాకు మొదట్లో పోయడం మొదలుపెట్టింది. నీళ్లు పసుపు కలిపినట్టు నిగనిగలాడేవి. ఆ రంగు చూస్తేనే బలం ఉన్నట్టు కనబడేది. అది చాలదని యూరియా తెప్పించి వేసింది. నల్లా వచ్చినప్పుడల్లా పైపు పెట్టి మొదలు తడిపింది. గోళీల మీది తీపికి చీమలు బారులు కట్టాయి. "చీమలు గూడ వస్తున్నయంటే ఎంత బలమో" అని మురిసిపోయింది. కోడలు హర్షిణి ఇవేవీ గమనించే స్థితిలో లేదు. చంకలో ఎనిమిది నెలల పిల్ల, పైగా జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పే ఉద్యోగం. అత్త ఏదో పసుపు నీళ్లు పోస్తోంది, దేవుడి మొక్కు కాబోలు అనుకుంది.

చెట్టు ఏపుగా లేచింది. ఆకులు వెడల్పుగా, ముదురుపచ్చగా, నూనె రాసినట్టు తయారయ్యాయి. సారవ్వ పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఆపి మరీ చూపించింది.

ఏప్రిల్‌లో ఒకనాడు జూహీ గోడ మీద కూర్చుని, "పెద్దమ్మా, ఒక్కసారి చూసుకుంట" అని గుప్పెడు ఆకు కోసుకుంది. నూరి రెండు అరచేతులకూ పెట్టుకుంది. తీసినప్పుడు లేత పసుపు. మైదాకు తీయగానే ఎర్రబడదు, ఒక రాత్రి గడిస్తే ముదురుతుంది కదా అని అందరూ ఊరుకున్నారు. తెల్లారింది. పసుపు పసుపులాగే ఉంది.

చివరి క్వార్టర్ అనసూర్య నీళ్లకు వచ్చి చూసింది. ఆమె నోటికి తాళం ఉండదు.

"ఏందే జూహీ, పప్పన్నం తిని చెయ్యి కడుక్కోలేదా?"

జూహీ నవ్వింది. ఆబిదా నవ్వబోయి సారవ్వ ముఖం చూసి ఆగింది.

"పోనియ్యి సారక్కా, ఫికర్ చెయ్యకు" అంది అనసూర్య. "బజార్ల కోన్లు దొరుకుతయి. ఎర్రగ గావాల్నంటె ఎర్రగ, నల్లగ గావాల్నంటె నల్లగ. ఈ చెట్టు పనైపోయింది."

ఆమె పుండు మీద కారం చల్లాలని అనలేదు. కానీ ఆ మాట సారవ్వకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చెట్టు పనైపోతే గేటు తీసేదెవరు? అరుగు మీద కూర్చునేదెవరు? అంతకన్నా, ఆబిదాకు ఈ జన్మలో ఒక్కసారి తన చేత్తో తిరిగి ఇద్దామనుకున్నది ఏది? ఆ పూట ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

హర్షిణి కాలేజీ నుంచి వచ్చి చూస్తే అత్త వంటింటి గుమ్మంలో బిస్కెట్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏమైంది అత్తమ్మా?"

"నేనే పాడు చేసిన బిడ్డా. ఈ పసుపు గోళీలు పోసిన. వీటి పసుపంత ఆకులకు పోయింది. ఎరుపు సచ్చిపోయింది."

హర్షిణికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. డబ్బా చూసింది, వాకిట్లో చెట్టును చూసింది, పకపకా నవ్వింది. అత్త కళ్లలో నీళ్లు చూసి గబుక్కున నవ్వు ఆపి, పిల్లను చాప మీద దింపి పక్కనే చతికిలబడింది.

"గోళీల పసుపు ఆకులకు పోదు అత్తమ్మా. అది మట్టిల పడంగనే సగం చీమలు తిన్నయి, సగం మట్టిల ఉండే సన్నపురుగులు తిన్నయి. చెట్టుకు దక్కింది ఏం లేదు."

"మరి ఎరుపు ఏమాయె?"

"యూరియా ఏసి, పొద్దుమాపు నీళ్లు పెడితిరి. అది కష్టం లేకుంట ఒళ్లు పెంచుకున్నది. మైదాకుల ఎరుపు ఉన్నది చూడుండ్రి, దాన్ని లాసోన్ అంటరు. అది చెట్టు మన చేతుల కోసం చేస్తలేదు. పురుగు తినకుంట, ఎండకు మాడకుంట తన పానం కాపాడుకోనికి చేసుకుంటది. ఎండల నిలబడ్డ చెట్టు ఎక్కువ చేస్తది. సుఖం మరిగిన చెట్టు ఎందుకు చేస్తది?"

సారవ్వ డబ్బాలోని గోళీలను వేలితో కెలికింది. తర్వాత అడిగింది. "అయితే బలం గోళీ చెట్టుకు పనికే రాదా?"

"పనికి రాదని కాదు. చెట్టుకు విటమిన్లు కావాలె. కానీ మనలాగ దవాఖానకు పోయి తెచ్చుకోదు, తనే వండుకుంటది. ఎండ మస్తు కొట్టిందనుకోండి, ఆకు లోపల మంట పుడతది, పత్రహరితం మాడిపోతది. ఆ మంటను ఆర్పేది సీ విటమిన్. అది ఆకు లోపలే తయారైతది. చేసుకున్న చక్కెరను కరగబెట్టి బలం తీసుకోవాల్నంటె బీ వన్ కావాలె. అదీ తనదే. మనం తినే విటమిన్లల్ల చాలా మటుకు చెట్ల వంటింట్ల నుంచి వచ్చినవే. క్యారెట్ల రంగు మన ఒంట్లకు పోయి ఏ విటమిన్ అయితది. అంటే మన దగ్గర ఉన్నది దానిదే. మీరు దాని సొమ్ము తెచ్చి దానికే పోసిండ్రు."

సారవ్వ డబ్బా మూత పెట్టింది. "అది మనకు పెడుతున్నదని తెలువక నేను దానికి పెట్టబోయిన."

"ఇంకొకటి చెప్తా, నవ్వద్దు మరి. మన చిన్నది పుట్టంగనే తొడకు సూది ఇచ్చిండ్రు, యాదున్నదా?"

"ఉన్నది. రక్తం గడ్డకట్టేదానికి అన్నది నర్సమ్మ."

"అది కే విటమిన్. ఆకులల్ల ఉంటది. మైదాకుల ఎరుపూ, ఆ కే విటమినూ దాయాదులు. పెదనాయిన బిడ్డ, చిన్నాయిన బిడ్డ లెక్క. ఆకుల రెండూ ఒక్క పొయ్యి మీదనే మొదలైతయి, నడుమల దారులు వేరైతయి."

చాప మీద పిల్ల కాళ్లు ఆడిస్తోంది. సారవ్వ ఆ చిన్న తొడను చేత్తో తడిమింది. చేతులు పండించేదానికీ రక్తం ఆపేదానికీ ఒకటే ఇల్లు అన్న మాట ఆమెకు చాలా ఇష్టంగా తోచింది. చెట్టును ఇన్నేళ్లూ తనే సాకుతున్నానని అనుకుంది గానీ, సాకింది చెట్టేనని ఇప్పుడు తెలిసింది.

"ఇప్పుడేం చెయ్యాలె?" అంది.

"సగానికి కొట్టెయ్యాలె."

సారవ్వ ఉలిక్కిపడింది. హర్షిణి చెయ్యి పట్టుకుంది. "మొదలు కాదు అత్తమ్మా, కొమ్మలే. ఈ సోమరి ఆకంత పోవాలె. కొత్త చిగురు ఎండల పుట్టాలె. చిగురాకులనే ఎరుపు ఎక్కువ ఉంటది. యూరియా బంద్. నీళ్లు పానం నిలవనికి చాలు. దుమ్ము మాత్రం కడగాలె, లేకుంటె ఆకు ఊపిరి తీసుకోదు."

మరునాడు పొద్దున్నే సారవ్వ కొడవలి పట్టుకుని చెట్టు ముందు నిలబడింది. చెయ్యి లేవలేదు. ఆబిదా గోడ దాటి వచ్చి ఒక కొమ్మను వంచి పట్టుకుంది.

"కొయ్యక్కా. అప్పుడు వాళ్లు నరుకుతమన్నది వేరు, ఇప్పుడు మనం కోసేది వేరు."

"రాకపోతే చెల్లె?"

"రాకపోతే మా జూహీ పప్పు చేతులతోనే పోతది అత్తారింటికి. ఆకలైనప్పుడు నాకుతది. కొయ్యి."

సారవ్వ నవ్వింది, ఏడ్చింది, కోసింది. కోస్తున్నంతసేపూ ఆబిదా కొమ్మలు పట్టుకునే ఉంది.

కొద్ది రోజుల్లోనే కణుపుల దగ్గర ఎర్రటి మొటిమల్లాంటివి లేచాయి, విచ్చుకుని చిగురాకులయ్యాయి. అప్పుడు హర్షిణికి ఒక ఆలోచన వచ్చింది. మందుల దుకాణం నుంచి సీ విటమిన్ గోళీలు తెచ్చి, ఒక గోళీలో చిన్న ముక్క విరిచి, స్ప్రే డబ్బా నీళ్లలో కరిగించింది.

"మళ్లా గోళీలా?" అని సారవ్వ అడ్డం వచ్చింది.

"ఇది వేరే తీరు అత్తమ్మా. ఎండకు, ఉప్పునీళ్లకు, దుమ్ముకు అలిసిన చెట్లకు సీ విటమినో బీ వన్నో చాల పలుచగ, వేర్లకు కాదు ఆకుల మీద కొడితే, పత్రహరితం నిలబడ్డది, ఎర్రరంగులు పెరిగినయి అని కొందరు పరీక్షలు చేసి రాసిండ్రు. అన్ని చెట్లకు అట్లనే అయితదని కాదు. ఎక్కువ కొడితే చెడుపే. మైదాకు సంగతి నాకు తెల్వదు. అందుకే సగం చెట్టుకే కొడతా. గోడకు ఇటు దిక్కు విటమిన్ నీళ్లు, అటు దిక్కు ఉత్తనీళ్లు. మన్నొకటే, ఎండొకటే. తేడా ఇదొక్కటే ఉండాలె."

గుర్తు కోసం ఇటువైపు కొమ్మకు సారవ్వ పాతచీర అంచు చించి కట్టింది. సాయంత్రం ఎండ దిగినాక కోడలు స్ప్రే కొట్టేది, అత్త అవతలి వైపు ఉత్తనీళ్లు చల్లేది. బ్లాస్టింగ్ దుమ్ము పడిన రోజు ఇద్దరూ కలిసి ఆకు ఆకూ తుడిచేవాళ్లు. అన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా వాళ్లిద్దరూ అట్లా పక్కపక్కన నిలబడి ఒక పని చేసింది అప్పుడే.

మే నెలలో ఈ రామగుండం ప్రాంతపు ఎండ గురించి చెప్పేదేముంది. కూలర్లు వేడిగాలి కొట్టాయి, రోడ్డు మీద కుక్క కనబడలేదు. ఆ ఎండలో మైదాకు సన్నటి, గట్టి, లేతపచ్చ ఆకులతో నిలబడింది. పెళ్లికి ఇంకా వారం ఉందనగా హర్షిణి పరీక్ష పెడదామంది. అటు ఆకు కొంత, ఇటు ఆకు కొంత విడివిడిగా కోయించింది.

"చింతపండు పెట్టొద్దు, కాచు పెట్టొద్దు. ఉత్త ఆకే నూరుండ్రి."

"పులుపు లేకుంట ఎట్ల పండుతదే?" అంది చూడవచ్చిన అనసూర్య.

"ఎరుపు ఆకుదా, చింతపండుదా తెలవాలె గద అక్కా. ఇంకోటి, రెండు ముద్దలూ ఒక్క మనిషికే పెట్టాలె. మనిషి మనిషికి ఒంటి వేడి వేరు, రంగు వేరు. ఒక అరచేతికి ఇది, ఇంకో అరచేతికి అది."

ఎవరికి పెట్టాలి? జూహీ చేతులకు వద్దు. పండకపోతే పెళ్లికూతురి చేతుల మీదనే ఉండిపోతుంది. హర్షిణి చేతుల మీద మొన్న చిన్నమ్మ కూతురి పెళ్లిలో పెట్టుకున్న కోను పూలు ఇంకా ఉన్నాయి. ఆబిదా అరచేతులు చాపితే అవి నారింజ తొక్కల్లా ఉన్నాయి.

"మా ఆయన గడ్డానికి మెహందీ రాసేది నేనే కదా" అంది ఆబిదా. "జుమ్మా నమాజు వచ్చినప్పుడల్లా గడ్డం ఆయనది, రంగు నాది."

అందరూ అనసూర్య వైపు చూశారు. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నేనియ్య తల్లీ. మళ్లా పప్పు చేతులైతే నన్ను మీరు బతకనిస్తరా?"

హర్షిణి రోటిలోకి చూస్తోంది. ఆ వాకిట్లో ఏ రంగూ లేని అరచేతులు ఒక్కరివే ఉన్నాయి. సారవ్వకు అది అందరికన్నా ముందే తెలిసింది. చేతులు కొంగు కింద దాచుకుంది.

"నాకెందుకే? మంది ఏమంటరు?"

"సారక్కా, నీకు సింగారం చేస్తలేము. పరీక్ష చేస్తున్నం" అంది ఆబిదా.

"అయినా గని…"

"మంది మంది అంటవు. ఈ కాలనీల మందంటె అనసూర్యనే. ఏం అనసూర్యా, ఏమన్న అంటవా?"

అనసూర్య లేచి వచ్చి సారవ్వ ముందు కూర్చుంది. "అంటా. చేతులు ఇట్ల గట్టిగ మూసుకుంటె ఎట్ల పెట్టేది అంటా. తియ్యి అక్కా." ఆమే కొంగు పక్కకు జరిపింది.

ఆబిదా ఒక అరచెయ్యి పట్టుకుంది. చీర అంచు కట్టిన వైపు ఆకు ఎడమ చేతికి, ఉత్తనీళ్ల ఆకు కుడి చేతికి. నడుమ చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు. చల్లగా తగిలింది. ఆ పచ్చివాసన ముక్కుకు సోకగానే సారవ్వకు సదయ్య సైకిలు దిగుతూ, "ఇదిగో, నీ ఎరుపు తెచ్చిన" అన్న మాట చెవిలో వినబడినట్టయింది. ఆమె కళ్లు మూసుకుంది. ఎవరూ ఆమెను కదిలించలేదు.

చేతులకు మైదాకు ఉంటే పని చేయరాదు, తినరాదు. మధ్యాహ్నం హర్షిణి అన్నం కలిపి అత్తకు ముద్దలు పెట్టింది. ఒక ముద్దతో పాటు బీకాంప్లెక్స్ గోళీ కూడా నోట్లో వేసింది.

"థూ! ఏందిది?"

"చెట్టు సొమ్మే. మింగుండ్రి. కాళ్లు తిమ్మిరెక్కేది మీకు, చెట్టుకు కాదు."

సారవ్వ ముఖం వంకర పెట్టుకుని మింగింది. తండ్రి బదులు బాయిలో పనికి చేరిన కొడుకు వేణుమాధవ్ ఫస్ట్ షిఫ్టు దిగి, బొగ్గు మరకల బట్టలతో గేటు తీశాడు. తల్లి రెండు చేతులూ మోకాళ్ల మీద చాపుకుని కూర్చుని ఉంది. వాడు నిలబడిపోయాడు.

"అమ్మా" అన్నాడు. దగ్గరికొచ్చి, "మంచిగ వాసనొస్తున్నది" అన్నాడు. నల్లా దగ్గరికి పోయి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

సాయంత్రం గీరి తీస్తే రెండు చేతులూ కమలాపండు రంగులో ఉన్నాయి. ఏమీ చెప్పలేని రంగు. పప్పు రంగుకూ ఎరుపుకూ నడిమధ్య. జూహీ గోళ్లు కొరుక్కుంది. సారవ్వ మాత్రం నీళ్లు తగలనీయకుండా చేతులు గుండె మీద పెట్టుకుని పడుకుంది.

తెల్లారి కళ్లు తెరిచి, వెంటనే చూడలేదు. వాకిట్లోకి వచ్చి, చెట్టు ముందు నిలబడి, అప్పుడు పిడికిళ్లు విప్పింది.

రెండూ ఎర్రగా ఉన్నాయి. మంచి ముదురు ఎరుపు. వేళ్ల కొనలు నల్లబడేంత ఎరుపు.

"ఆబిదా!" అని ఆమె పిలిచిన పిలుపుకు వరుసంతా లేచింది. ఆబిదా చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి ఆ రెండు చేతులూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. "అల్లా, నీ మేలు" అంది. జూహీ పెద్దమ్మను చుట్టుకుని గిరగిరా తిప్పింది.

తర్వాత పంచాయితీ మొదలైంది. ఎడమ చెయ్యే ఎక్కువ పండిందని ఆబిదా, కాదు కుడిదే అని అనసూర్య. హర్షిణి రెండు అరచేతులనూ ఎండలోకి తిప్పి తిప్పి చూసింది. "ఎడమది ఒక వీసం ఎక్కువేమో. కాకపోవచ్చు కూడ. ఒక్క చెట్టుతోని, ఒక్క మనిషితోని చెప్పలేము అత్తమ్మా. ఎండదే పెద్ద పని. కొట్టేసుడు, దుమ్ము కడుగుడు, యూరియా బంద్ చేసుడు. అన్నీ కలిసినయి. విటమిన్ ఏమన్న చేసి ఉంటె అలుపు తీర్చింది."

"ఎవలు చేస్తేంది" అంది సారవ్వ. "అది మళ్లా వండింది. మనకు పెట్టింది."

మెహందీ వేడుక నాడు సారవ్వ వాకిలి నిండిపోయింది. రెండు వైపుల ఆకూ కలిపి, చింతపండు పెట్టి, కాచు పెట్టి, ఆమె తన చేత్తోనే నూరింది. జూహీ చేతులు మోచేతుల దాకా పచ్చగా మెరిశాయి. బసంత్‌నగర్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు కూడా గోడ దగ్గరికి వచ్చారు. వాళ్లలో పెద్దావిడ సారవ్వ నుదురు చూసింది, బోసి మణికట్లు చూసింది, తర్వాత రోటి మీద కదులుతున్న ఎర్రటి అరచేతులు చూసింది. చెట్టు కొమ్మను ముట్టుకుని అడిగింది.

"బహుత్ మంచి రంగు. ఎవరిది ఈ చెట్టు?"

"మా అక్కది" అంది ఆబిదా.

"ఆబిదాది" అంది సారవ్వ, అదే క్షణంలో.

పెద్దావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సారవ్వ నూరడం ఆపి, చేతులు కొంగుకు తుడుచుకోకుండానే లేచింది. ఇన్నేళ్లూ నోటి చివర ఆగిపోయిన మాట ఆమెకు ఇప్పుడు తేలిగ్గా వచ్చింది.

"ఆబిదాదే అమ్మా. మంచిర్యాలల తల్లిగారింటి నుంచి తడిగుడ్డల చుట్టుకొని తెచ్చింది. గోదావరి దాటేటప్పుడు ఎండిపోతదని ఒళ్లె పెట్టుకొని తెచ్చింది. మేము దీని కింద బతికినం."

ఆబిదా గోడ మీద చెయ్యి ఆనించి అటు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"మాకొక కొమ్మ ఇస్తరా? పిల్ల మా ఇంట్లకే వస్తున్నది కదా, నాటుకుంటం" అంది పెద్దావిడ.

"ఇస్తం. జూహీతోని పంపుతం."

"ఏ దిక్కుది ఇస్తరు అత్తమ్మా? చీర కట్టిందా, కట్టనిదా?" అని హర్షిణి పిల్లను చంకనేసుకుని నవ్వింది.

సారవ్వ రెండు వైపులా చూసింది. ఇటు ఒకటి, అటు ఒకటి విరిచింది. తడిగుడ్డ తెమ్మని కోడలితో చెప్పి, రెండు కొమ్మలనూ కలిపి, తన ఎర్రటి చేతులతో మెల్లగా చుట్టింది.

"బస్సుల ఒళ్లె పెట్టుకొని పట్టుకపొమ్మను" అంది. "మా ఆబిదా తెచ్చినట్టు."